అప్‌డేట్: వ్యాయామానికి ఎక్స్‌పీ పద్ధతి, నాలుగో లెవెల్ దగ్గర ఆగిపోయిన సమస్య తీరింది

ముందు అడిగింది క్లుప్తంగా: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రల్లా నటిస్తూ, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్ లెవెల్ పట్టికనే జిమ్ లాగ్‌కి వాడుతున్నాను. ప్రతి వర్కౌట్‌కీ ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు. మొదట్లో లెవెల్స్ చకచకా పెరిగాయి, నాలుగు దగ్గర బండి ఆగింది, హుషారూ పోయింది. యాప్ మార్చాలా, స్మార్ట్ వాచ్ కొనాలా అని అడిగాను.

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది మైల్‌స్టోన్ పద్ధతి, అంటే పాయింట్లు లెక్కపెట్టకుండా ముఖ్యమైనదేదైనా సాధించినప్పుడే లెవెల్ పెంచడం. పట్టికలో రెండో లెవెల్‌కి 300, మూడుకి 900, నాలుగుకి 2,700, ఐదుకి 6,500 పాయింట్లు కావాలి. అంటే నాలుగు నుంచి ఐదుకే 3,800! ఆటలో లెవెల్ పెరిగేకొద్దీ ఎదురయ్యే రాక్షసులు బలవంతులవుతారు, వాళ్లను ఓడిస్తే వచ్చే పాయింట్లూ పెరుగుతాయి. నా లాగ్‌లో మాత్రం వర్కౌట్‌కి ఎప్పుడూ అవే పాయింట్లు. ఇక కదిలేదెలా? అందుకే పాయింట్లు తీసేశాను. మోకాళ్లు ఆనించకుండా పది పుషప్‌లు, నా ఒంటి బరువంత డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బార్ ఎత్తడం), ఇలాంటివి సాధిస్తేనే లెవెల్. ఐదుకి చేరాను. మా డీఎం (ఆట నడిపించే డంజియన్ మాస్టర్) ఆదివారం ఆటలో ఇన్‌స్పిరేషన్ (ఆటలో ఇచ్చే చిన్న బహుమతి) కూడా ఇచ్చాడు (బిర్యానీ ఖర్చు మాత్రం నాదే).

జిమ్ ట్రైనర్ లాగ్ చూసి ఇంకోటి పట్టుకున్నాడు: బార్ మీద బరువు చాలాకాలంగా మారలేదట. రెప్స్ (వ్యాయామాన్ని తిరిగి తిరిగి చేసే సార్లు) అన్నీ శుభ్రంగా పూర్తయితే 2.5 కిలోలు పెంచమన్నాడు.

యాప్‌కీ వాచ్‌కీ దీనితో సంబంధమే లేదు, నోట్‌బుక్ చాలు. డీ20 (ఇరవై ముఖాల పాచిక) వేసి వ్యాయామం ఎంచుకోమన్న సలహా సరదాగానే ఉంది గానీ, వరసగా కాళ్ల వ్యాయామమే పడితే మెట్లు దిగలేం. మానేశాను.