డిస్కు లేని ల్యాబ్: నెట్‌వర్క్ బూటింగ్ మేలా, ప్రతి కంప్యూటర్‌కూ ఎస్‌ఎస్‌డీ మేలా?

ల్యాబ్ సహాయకుడు:
మా డిగ్రీ కళాశాల ల్యాబ్‌లోని 30 పాత కంప్యూటర్లలో హార్డ్ డిస్కులు ఒకదాని వెనుక ఒకటి పాడవుతున్నాయి. అన్నింటికీ చిన్న ఎస్‌ఎస్‌డీలు కొనాలని కొందరు అధ్యాపకులు, డిస్కులు తీసేసి ఎల్‌టీఎస్‌పీ (డిస్కు లేని కంప్యూటర్లను సర్వర్ నుంచి బూట్ చేయించే లినక్స్ సాఫ్ట్‌వేర్) ద్వారా సర్వర్ నుంచే లినక్స్‌ను బూట్ చేయాలని మరికొందరు అంటున్నారు. ఏది మేలో కారణాలతో చెప్పగలరు.

నెట్‌వర్క్ నిర్వాహకురాలు:
నేను నెట్‌వర్క్ బూటింగ్ పక్షమే. డిస్కు ధర ఇక్కడ చిన్న విషయం, అసలు ఖర్చు నిర్వహణది. ఎల్‌టీఎస్‌పీలో సర్వర్ మీద ఒకే స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్, అంటే మొత్తం సిస్టమ్‌ను కుదించి పెట్టిన ఒక ఫైలు, ఉంటుంది. దానిలో కంపైలర్‌ను ఒక్కసారి మారిస్తే మర్నాడు 30 కంప్యూటర్లూ దానితోనే లేస్తాయి. విద్యార్థి సిస్టమ్‌లో ఏం మార్చినా ఆ మార్పు మెమరీలోనే ఉండి, రీబూట్‌తో పోతుంది. వారి సొంత ఫైళ్లు మాత్రం సర్వర్‌లో భద్రంగా ఉంటాయి. హఠాత్తుగా కరెంటు పోయినా కంప్యూటర్లలో చెడిపోవడానికి ఫైల్ సిస్టమే ఉండదు కాబట్టి, యూపీఎస్ సర్వర్‌కూ స్విచ్‌కూ ఉంటే చాలావరకు సరిపోతుంది. ప్రోగ్రాములు నడిచేది విద్యార్థి ముందున్న ప్రాసెసర్ మీదే గనుక, సర్వర్ మీద భారం పాత థిన్ క్లయింట్ల (ప్రోగ్రాములు సర్వర్‌లోనే నడుస్తుండగా తెరను మాత్రమే చూపే యంత్రాల) కాలంలో ఉన్నంత ఉండదు.

సిస్టమ్ అడ్మిన్:
మేడమ్ చెప్పిన లాభాలను కాదనను, కానీ ఉదయం తొమ్మిదికి అందరూ ఒకేసారి స్విచ్ వేసినప్పుడు ఏమవుతుందో లెక్క వేయండి. డెస్క్‌టాప్ వచ్చేలోగా ఒక్కో కంప్యూటర్ 300 ఎంబీ చదువుతుందనుకుంటే మొత్తం 9,000 ఎంబీ అవుతుంది. సర్వర్‌కు 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 ఎంబీ) లింకు ఉంటే దానికి పన్నెండు నిమిషాలు దాటుతుంది, గిగాబిట్ అయితే దాదాపు నిమిషంపావు పడుతుంది. బూట్ ఫైళ్లను పంపే సాదా పద్ధతి అయిన టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న కబురు వచ్చాకే తరువాతి ముక్క పంపుతుంది. ఆ లెక్కన 60 ఎంబీల కెర్నల్ (లినక్స్ మూల భాగం), ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కావలసిన ఫైళ్ల మూట)లకు 1,22,880 ముక్కలు కావాలి. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది భద్రత: డీహెచ్‌సీపీకి (కంప్యూటర్ తన నెట్‌వర్క్ చిరునామానూ బూట్ వివరాలనూ అడిగే పద్ధతికి) జవాబిచ్చినది అసలు సర్వరో కాదో తేల్చుకునే ఏర్పాటు మామూలు పీఎక్స్‌ఈలో, అంటే నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే ప్రామాణిక పద్ధతిలో, లేదు. ఎవరైనా తమ ల్యాప్‌టాప్‌ను ల్యాబ్ కేబుల్‌కు తగిలించి తమ కెర్నల్‌నే అందించవచ్చు. సర్వర్ పడిపోతే ఆ రోజు పరీక్ష కూడా ఆగిపోతుంది.

నెట్‌వర్క్ నిర్వాహకురాలు:
వేగం గురించిన అభ్యంతరానికి పరిష్కారం ఉంది: టీఎఫ్‌టీపీతో చిన్న ఐపీఎక్స్‌ఈ (హెచ్‌టీటీపీ కూడా వాడగల బూట్ ప్రోగ్రామ్) ఫైలును మాత్రం దించి, కెర్నల్‌నూ ఇనిట్‌ఆర్‌డీనీ హెచ్‌టీటీపీ మీద తెప్పించాలి. ఇమేజ్‌ను అందరూ చదువుతారు కనుక, తగినంత మెమరీ ఉంటే సర్వర్ దానిని అందులోనే నిలుపుకొంటుంది; అప్పుడు అడ్డు సర్వర్ డిస్కు కాదు, కేబులే. అందుకే స్విచ్ గిగాబిట్‌ది కాకపోతే నేను కూడా ఎస్‌ఎస్‌డీలే కొనమంటాను. భద్రత విషయంలో సిస్టమ్ అడ్మిన్ గారి మాట పూర్తిగా నిజం. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు) సైతం సాధారణంగా కెర్నల్ సంతకాన్ని సరిచూస్తుందే గానీ ఇనిట్‌ఆర్‌డీని పట్టించుకోదు. ల్యాబ్‌కు విడి వీలాన్ (అదే స్విచ్‌లో వేరుచేసిన నెట్‌వర్క్) ఇచ్చి, డీహెచ్‌సీపీ స్నూపింగ్ (నమ్మని పోర్టుల నుంచి వచ్చే డీహెచ్‌సీపీ జవాబులను ఆపే సదుపాయం) ఉన్న స్విచ్‌లో సర్వర్ పోర్టును మాత్రమే నమ్మదగినదిగా గుర్తిస్తే, పక్కనుంచి వచ్చే దొంగ జవాబులు ఆగిపోతాయి. పరీక్షల కోసం రెండో యంత్రంలో అదే ఇమేజ్‌నూ విద్యార్థుల ఫైళ్ల నకలునూ సిద్ధంగా ఉంచాలి. టాలీ వంటి విండోస్ ప్రోగ్రాములు తప్పనిసరైన కామర్స్ ల్యాబ్‌కు మాత్రం ఈ పద్ధతిని సూచించను; అక్కడ ఐస్కజీ (సర్వర్ డిస్కును నెట్‌వర్క్ మీద సొంత డిస్కులా వాడే పద్ధతి), లైసెన్సుల చిక్కులు మొదలవుతాయి. సహాయకుడు గారూ, మీ స్విచ్ ఏ రకమో, కంప్యూటర్లలో మెమరీ ఎంతో ముందుగా చెప్పండి.