అసలు పేరు దాచిన రసాయనం వివరాలు ఎలా వెతకాలి?

అమెరికాలో 1976 నాటి విషపదార్థాల నియంత్రణ చట్టం కింద ప్రచురించే రసాయనాల పట్టికతో కుస్తీ పడుతున్నాను. అందులో 80 వేలకు పైగా పదార్థాలున్నాయి. టోలుయీన్ వంటి వాటితో చిక్కు లేదు. 108-88-3 అనే క్యాస్ నంబరు (ఒక్కో రసాయనానికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇస్తే చాలు. నేను వెతుకుతున్న పదార్థానికి మాత్రం వ్యాపార రహస్యమంటూ క్యాస్ నంబరు లేకుండా ఒక సాధారణ నామం, ఒక నమోదు సంఖ్య ఇచ్చి ఊరుకున్నారు. ఆ నామం ఎంత విస్తృతమంటే, అందులో సగం రసాయనశాస్త్రం ఇమిడిపోతుంది!

2016 సవరణ ప్రకారం, పొడిగింపు కోరితే తప్ప ఇలాంటి గోప్యత సాధారణంగా 10 ఏళ్లకు ముగియాలి. ఆ గడువు తేదీ ఎక్కడ కనిపిస్తుంది? ఆ నమోదు సంఖ్యతో ఆరోగ్య, భద్రతా అధ్యయనాలను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వారి రసాయనాల వెబ్ డేటాబేసు కెమ్‌వ్యూలో వెతకవచ్చా? సమాచార స్వేచ్ఛా చట్టం కింద దరఖాస్తు పెట్టే ముందు ప్రయత్నించవలసిన దారి ఇంకేదైనా ఉంటే, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.