పాత స్నేర్ డ్రమ్ముకు నకలు: లోపాలు కూడా దించాలా, సరిచేయాలా?

బురుజు నీడ (కర్నూలు)
మిత్రులారా, చాలా కాలంగా మనసులో ఉన్న పని మొదలుపెట్టాను. స్లింగర్‌ల్యాండ్ అనే అమెరికా కంపెనీ 1930ల్లో చేసిన రేడియో కింగ్ స్నేర్‌కు (కింద తీగలు బిగించి ఉండే డ్రమ్ము) నకలు చేయిస్తున్నాను. 14 అంగుళాల అడ్డుకొలత, ఆరున్నర లోతు, 8 లగ్గులు (వాయించే పొరను, అంటే హెడ్డును, బిగించే బోల్టులు దిగే దిమ్మెలు). జాజ్ డ్రమ్మర్ జీన్ క్రూపా వాయించిన డ్రమ్ము అంటే చాలామందికి అర్థమవుతుంది. అసలుది కొనే స్తోమత నాకు లేదు.

మా వీధి వడ్రంగి మేస్త్రీ కొలతలిస్తే చాలన్నాడు. గొడవంతా ఆ కొలతల దగ్గరే. అసలు డ్రమ్ము షెల్లు (గుండ్రని చెక్క ఒళ్లు) ఒకే మేపుల్ చెక్క పలకను ఆవిరికి వంచి, కొనలు ఏటవాలుగా అతికించి, లోపల పైనా కిందా బలానికి చట్రాలు బిగించి చేసినది. అంతవరకు బాగుంది. అయితే ఆ షెల్లు ఇప్పటి ప్లాస్టిక్ హెడ్డుకు కాస్త పెద్దది. అంచు గుండ్రంగా, చేతిపనిలా, ఒకచోట ఒకలా ఉంటుంది. తీగలు ఆనే చోట కింది అంచుకు తీసిన పల్లం వెడల్పు, లోతు కూడా. తీగలు షెల్లు దాటి బయటికి వస్తాయి, దానికి తగ్గట్టు స్ట్రెయినరూ (తీగలను బిగించే, వదిలే మీట) వేరు.

మా చర్చిలో బాస్ గిటార్ వాయించే అన్న ఇవన్నీ ఉన్నదున్నట్టు దించాలంటాడు, లేకపోతే ఆ గొంతు రాదట. మేస్త్రీ మాత్రం నవ్వి, "వంకరను కూడా కొలిచి పెట్టమంటారా సార్?" అన్నాడు. మీరేమంటారు?

అనంత లయ (అనంతపురం)
మేస్త్రీ మాటే నా మాట. ఆ కొలతలు ఎందుకు అలా ఉన్నాయో చూడండి. అప్పట్లో హెడ్డు దూడ చర్మం. దాన్ని తడిపి, చెక్క రింగుకు చేత్తో చుట్టి బిగించేవారు. తడి చర్మం సాగి, ఆరి, ఆ షెల్లుకు తగ్గట్టు కూర్చుంటుంది. షెల్లు వెంట్రుకవాసి పెద్దదైనా పట్టించుకునే అవసరం ఎవరికీ లేదు. 1950ల చివరికి ప్లాస్టిక్ హెడ్డు వచ్చింది. దాని లోహపు రింగు కొలత కదలదు. పెద్ద షెల్లు మీద అది బిగుసుకుపోతుంది, ఒకవైపు బోల్టును తాళంచెవితో తిప్పితే రెండో వైపు స్పందించదు. దాన్ని పాతకాలపు గొంతు అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే.

బయటి కొలత 13 7/8 అంగుళాలకు దించండి. మెరుగు పూత, పైన చుట్టే ముత్యపు రంగు రేకు వేశాక ఉండే కొలత అది, వేయక ముందుది కాదు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు.

కంజీర (కడప)
అనంత లయ గారూ, షెల్లు కొలత విషయంలో మీతో పేచీ లేదు. కానీ అంచు సంగతి వేరు, రెంటినీ ఒకే గాటన కట్టకండి. హెడ్డు షెల్లును తాకేది ఆ అంచు మీదే. 45 డిగ్రీల పదునైన అంచు అయితే హెడ్డు సన్నని గీత మీద ఆనుతుంది, మోత పదునుగా, సాగుతూ ఉంటుంది. గుండ్రని అంచు మీద ఎక్కువ మేర ఆనుతుంది కాబట్టి పైస్థాయి గలగలలు అణిగిపోయి దెబ్బ పొట్టిగా, కండగా వస్తుంది. రేడియో కింగ్ అంటే ఆ దెబ్బే. అంచును ఇప్పటి పద్ధతిలో పదును పెట్టించారంటే చేతికొచ్చేది మంచి డ్రమ్మే కావచ్చు, కానీ దానికి ఇంత శ్రమ దేనికి? ఆ డబ్బుతో కొత్తది ఒకటి కొనుక్కోవచ్చు.

ఎగుడుదిగుడును మాత్రం నేనూ సమర్థించను. గుండ్రదనం ఉండాలి, చుట్టూ ఒకేలా ఉండాలి. చదునైన గ్రానైటు పలక మీద షెల్లును బోర్లించి, లోపల దీపం పెట్టి చూడండి. వెలుతురు ఎక్కడా బయటికి రాకూడదు. తాడిపత్రి పక్కనుంచి వచ్చే పాలిషు పలక ఏదైనా పనికొస్తుంది.

మూడో కాలం (కడప)
చెక్క కోసం అంత వెతుకులాట ఎందుకు? మా కొండల్లో ఎర్రచందనం ఉండగా :)

కంజీర (కడప)
తమ్ముడూ, అప్పుడు డ్రమ్ము కంటే ముందు బెయిలు కోసం తిరగాల్సి వస్తుంది. పైగా నీటిలో మునిగేంత బరువైన చెక్క, దాన్ని వంచేదెవరు?

చిత్రిక (ప్రొద్దుటూరు)
చెక్క గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తాను. మేపుల్ పలకలు బెంగళూరు వైపు డిపోల్లో దొరకవచ్చు, కానీ అవి పొయ్యిలో ఆరబెట్టినవి అవుతాయి. అలాంటిది ఆవిరికి సరిగా వంగదు, పగుళ్లిస్తుంది. గాలికి ఆరిన చెక్క కావాలి. పావు అంగుళం మందానికి పావుగంటకు తక్కువ కాకుండా ఆవిరి పట్టి, బయటికి తీసిన క్షణంలోనే అచ్చుకు చుట్టాలి. చల్లారిందంటే పని అయిపోయినట్టే. చుట్టుకొలత 44 అంగుళాలు ఉంటుంది, ఏటవాలు అతుకుకు మరో మూడు కలుపుకోండి.

ఇది కుదరక చాలామంది పీపాకు పేర్చినట్టు బద్దీలు పేర్చి చేస్తారు. 20 బద్దీలైతే ఒక్కో అంచుకు 9 డిగ్రీల వాలు, చిత్రిక పట్టడం తెలిసిన ఎవరైనా చేస్తారు. పనస బాగా కుదురుతుంది, మృదంగానికీ వీణకూ వాడేదే. కానీ ఒక మెలిక ఉంది. చెక్క నార వెంట దాదాపు కుంచించుకోదు, నారకు అడ్డంగా కుంచించుకుంటుంది. వంచిన షెల్లులో నార చుట్టూ తిరుగుతుంది కాబట్టి గాలిలో తేమ మారితే లోతు ఒక పిసరు మారుతుందే తప్ప అడ్డుకొలత మారదు. బద్దీల షెల్లులో నార నిలువు. కుంచించుకునేది చుట్టుకొలతే. సముద్రం ఒడ్డున కోసిన పచ్చి పనసతో చేసి, అనంతపురం ఎండాకాలానికి తెచ్చారనుకోండి, అతుకులు విడిపోతాయి, లేదా షెల్లు చిన్నదై హెడ్డు వదులవుతుంది. చెక్కను మీ ఊళ్లోనే, మీ గాలిలోనే కనీసం ఒక వేసవి ఆరనివ్వండి.

అందువల్ల నా ఓటు ఒకే పలక వంచడానికే. మేపుల్ కుదరకపోతే బీచ్ అనే చెట్టు చెక్క చూడండి. వంపు కుర్చీలు చేసేది దానితోనే, ఆవిరికి బాగా లొంగుతుంది. ఆరబెట్టిన తీరు మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.

అనంత లయ (అనంతపురం)
ఇది వేరే ఎవరూ చెప్పని విషయం, ధన్యవాదాలు. అయితే బీచ్ పెడితే అది రేడియో కింగ్ ఎలా అవుతుంది? అంచు కోసం అంత పట్టుబట్టిన కంజీర గారు చెక్క మారిపోతుంటే ఊరుకున్నారు.

కంజీర (కడప)
ఎందుకంటే చెవికి తెలిసే తేడా అంచుది, హెడ్డుది, తీగలది. ఒకే మందం, ఒకే అంచు ఉన్న మేపుల్‌ను, బీచ్‌ను కళ్లు మూసుకుని వేరుచేయగలనని నేనైతే పందెం కట్టను. మీరు కడతారా?

అనంత లయ (అనంతపురం)
కట్టను. కానీ ఆ లెక్కన బయటికి వచ్చే తీగలు, వాటి స్ట్రెయినరు కూడా అక్కర్లేదు కదా?

కంజీర (కడప)
అక్కర్లేదనే అంటాను. ఆ భాగం ఇక్కడ తయారు చేయించాలంటే షెల్లు కంటే ఎక్కువ ఖర్చు. మామూలు స్ట్రెయినరు, 20 పోగుల తీగలు చాలు. పల్లం మాత్రం తగ్గించాలి. మెత్తని చర్మం ఆ లోతుకు ఒదిగిపోయేది. మూడు మిల్లుల (అంగుళంలో వెయ్యింట మూడు వంతుల) సన్నని ప్లాస్టిక్ ముడతలు పడి, కొట్టినప్పుడల్లా బరబరమంటుంది.

జలతారు (ధర్మవరం)
ఇంత దూరం వచ్చారు కాబట్టి చర్మమే ఎందుకు వేయకూడదు? మా పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు మేక చర్మాన్ని వెలుతురు దూరేంత పలచగా సిద్ధం చేస్తారు. కింది హెడ్డుకు అలాంటిది సరిపోవచ్చు. పై హెడ్డుకు కాస్త మందంగా ఉంచమని అడగాలి.

బురుజు నీడ (కర్నూలు)
ఆలోచన నచ్చింది, కానీ ఆదివారం ఆరాధన మధ్యలో వాన వస్తే? పీర్ల పండుగలో డప్పులకు మంట చూపించినట్టు చర్చిలో నేను డ్రమ్ముకు చూపించలేను. రికార్డింగు రోజున వేయడానికి ఒక జత తెప్పిస్తాను. మిగతా రోజులు ప్లాస్టిక్కే.

నాకు కుదిరిన లెక్క ఇది: బయటి కొలత 13 7/8, పై అంచు గుండ్రంగా, చుట్టూ ఒకేలా, పల్లం తక్కువ, బీచ్ పలక, మామూలు స్ట్రెయినరు. బ్యాడ్జి ఒక్కటే మిగిలింది. రేకు మీద చెక్కించి అసలుదానిలా పెట్టిస్తే అచ్చం అలాగే ఉంటుంది.

చిత్రిక (ప్రొద్దుటూరు)
అది వద్దు. స్లింగర్‌ల్యాండ్ పేరు చచ్చిపోయిన పేరు కాదు. 2019లో డీడబ్ల్యూ అనే డ్రమ్ముల సంస్థ దాన్ని గిబ్సన్ నుంచి కొనుక్కుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పదేళ్ల తర్వాత మీరు అమ్మేస్తే కొనేవాడికి ఏమని చెబుతారు? మీరు చెప్పినా, ఆయన తర్వాతివాడికి చెబుతాడా?

మూడో కాలం (కడప)
అన్నా, ఇంట్లో వాయించుకునే డ్రమ్ముకు ఇంత పట్టింపా? అమ్మేటప్పుడు ఊడదీస్తే సరి.

చిత్రిక (ప్రొద్దుటూరు)
ఊడదీస్తే బ్యాడ్జి బిగించిన గాలి రంధ్రం చుట్టూ మచ్చ మిగులుతుంది, ఏదో దాస్తున్నట్టు కనిపిస్తుంది. మేస్త్రీ పేరు, ఊరు, సంవత్సరం చెక్కించండి. ఆ పలకను వంచింది ఆయనే కదా.

బురుజు నీడ (కర్నూలు)
మేస్త్రీని అడిగాను. పేరు వేయడానికి ఒప్పుకున్నాడు, కానీ డ్రమ్ము మోగిన తర్వాతేనట. లగ్గుల దూరాలు గీయడానికి శనివారం రమ్మన్నాడు. కంజీర గారూ, ఆ అంచు గుండ్రదనం ఎంతుండాలో అట్టముక్క మీద గీసి ఫొటో పెట్టగలరా? మాటల్లో చెబితే ఆయనకు నచ్చడం లేదు.