చర్చ: అమ్మాయిల సమ్మర్ క్యాంపు, రెండు వారాలు, ఫోన్ లేదు. పంపినవాళ్ళు చెప్పండి

తెనాలి_న్యూజెర్సీ (మార్చి 9)

మా పాపకి జూన్‌లో పదకొండు నిండుతాయి. క్లాసులో తన ఫ్రెండు ఏటా మేన్ రాష్ట్రంలో సరస్సు ఒడ్డున ఉన్న ఒక అమ్మాయిల క్యాంపుకి వెళ్తుంది. ఈ ఏడు నేనూ వెళ్తానని మాది ఒకటే పట్టు. రెండు వారాలు అక్కడే ఉండాలి. ఫోన్ ఉండదు, మనం చేయడానికీ లేదు. ఉత్తరాలు రాసుకోవాలట. మా అత్తగారు తెనాలి నుంచి వీడియో కాల్‌లో "ఆడపిల్లని అడవిలో వదిలేసి మీకు నిద్రెలా పడుతుందే" అని రోజూ క్లాసు. నిజం చెప్పాలంటే నాకూ అదే టెన్షన్. ఇంతవరకు మా పిల్ల మేం లేకుండా ఒక్క రాత్రి పడుకోలేదు. పంపినవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. బ్రోషర్‌లో నవ్వే పిల్లల ఫొటోలు చాలానే చూశాను.

కరీంనగర్_టు_బోస్టన్ (మార్చి 9)

మా పెద్దది నాలుగో ఏడు పోతున్నది అక్కా. ముందు ట్రంకు పెట్టె సంగతి చెప్తా. వాళ్ళు పంపిన లిస్టులో మొదటి వస్తువు అదే. చూసి నవ్వాపుకోలేకపోయా. నేను ఆరో తరగతిలో హాస్టల్‌కి పోయేటప్పుడు మా బాపు కొన్న రేకు పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో నా పేరు, చిన్న తాళంకప్ప. సరిగ్గా అదే! కాకపోతే ఇక్కడ నేను పెట్టిన ధరకి అప్పుడు మా ఊళ్ళో బీరువా వచ్చేది.

ప్రతి బట్ట మీద పేరు స్టిక్కర్ వేయాలి. సాక్సుకి సాక్సు, తువ్వాలుకి తువ్వాలు. వారానికోసారి క్యాబిన్ (పిల్లలు కలిసి పడుకునే చెక్క ఇల్లు) మొత్తం బట్టలు ఒకే మూటలో ఉతుకుడుకి పోతాయి మరి.

ఒక్క మాట మాత్రం పాపకి ఇవ్వకండి: "నచ్చకపోతే చెప్పు, వచ్చి తీసుకొస్తా." నేను మొదటి ఏడు ఇచ్చా. మూడో రోజు నుంచి అది ఆటలు వదిలేసి ఆ మాటే పట్టుకుని కూర్చుందట. క్యాంపుల్లో పిల్లల ఇంటిబెంగ మీద పరిశోధన చేసిన క్రిస్టఫర్ థర్బర్ అనే సైకాలజిస్టు కూడా అలాంటి ఒప్పందాలు వద్దనే చెప్తాడు. మనం అలా అన్నామంటే "నువ్వు ఉండలేవని మాకు ముందే తెలుసు" అని పిల్ల చెవిలో ఊదినట్టే.

రాత్రిపూట వాళ్ళు సైట్‌లో ఫొటోలు పెడతారు. వందల ఫొటోల్లో మన పిల్ల మోచెయ్యి కనిపించినా పండగే. ఒక ఫొటో జూమ్ చేసి, ఏడుస్తోందా, ఎండకి కళ్ళు చికిలించిందా అని నేనూ మా ఆయనా గంట కొట్లాడుకున్నాం. తీరా అది చికిలించడమే.

లెక్కల_మాస్టారు (మార్చి 10)

డబ్బుల విషయం ఒకటి. డే క్యాంపు ఫీజుకి డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ (పిల్లల సంరక్షణకి జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టుకునే డబ్బు) వాడుకోవచ్చు, పిల్లకి 13 నిండేవరకు. రాత్రి ఉండే క్యాంపుకి ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఒప్పుకోదు. చాలామంది మనవాళ్ళు ఇది తెలియక ముందే డబ్బు పక్కన పెట్టేస్తున్నారు.

డాలస్_నాన్న (మార్చి 10)

నేను భయపెట్టడానికి రాయడం లేదు. కానీ 2025 జూలై 4 తెల్లవారుజామున మా టెక్సస్‌లో గ్వాడలూప్ నది పొంగి, ఒడ్డున ఉన్న ఒక అమ్మాయిల క్యాంపులో పిల్లలు, కౌన్సెలర్లు (పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే సిబ్బంది) కలిపి 27 మంది పోయారు. ఆ వారం మా ఇంట్లో ఎవరం సరిగ్గా తిండి తినలేదు. తర్వాత సెప్టెంబర్‌లో రాష్ట్రం క్యాంపుల భద్రతకి కొత్త చట్టాలు తెచ్చింది.

మీరు చూసే క్యాంపు సరస్సు ఒడ్డున కాబట్టి కొండల్లో నదిలాంటి ప్రమాదం ఉండకపోవచ్చు. అయినా అడగండి. క్యాబిన్లు నీటికి ఎంత ఎత్తులో ఉన్నాయి? రాత్రి తుఫాను హెచ్చరిక వస్తే ఎవరు మేలుకుని ఉంటారు? కరెంటు, సెల్ సిగ్నల్ రెండూ పోతే కబురు ఎలా అందుతుంది? పిల్లలతో ఎన్నిసార్లు డ్రిల్ చేయిస్తారు? "డోంట్ వర్రీ" అని నవ్వి దాటేస్తే నేనైతే చెక్కు రాయను. నేను అడిగిన రెండో క్యాంపు డైరెక్టరు మ్యాపు తీసి నలభై నిమిషాలు చూపించింది. అక్కడికే పంపుతున్నాం.

విశాఖ_బీచ్‌రోడ్ (మార్చి 11)

నేను తల్లిని కాదు, అటువైపు నుంచి చెప్తాను. డిగ్రీ చదువుతుండగా జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద ఒక వేసవి న్యూ హాంప్‌షైర్‌లో అమ్మాయిల క్యాంపులో కౌన్సెలర్‌గా చేశాను. ఆ వీసాలో క్యాంప్ కౌన్సెలర్ల కేటగిరీకి నాలుగు నెలలకి మించి ఉండనివ్వరు. నా క్యాబిన్‌లో పదిమంది, అందరూ పదేళ్ళ పిల్లలే.

మొదటి రోజు చెట్టు కింద కుర్చీలేసి వరసగా అందరి తలలూ చూస్తారు, పేలున్నాయేమోనని. తర్వాత స్విమ్ టెస్టు. జూన్‌లో కూడా ఆ నీళ్ళు ఎముకలు కొరికేస్తాయి. నీళ్ళలో దిగే ప్రతి పిల్లకీ ఒక జత, ఒడ్డున బోర్డు మీద ఇద్దరి పేర్ల బిళ్ళలు. ఈల వేయగానే జతలు చేతులు పట్టుకుని పైకెత్తాలి, మేం లెక్కపెట్టాలి. బిళ్ళకీ తలకీ లెక్క తప్పితే అందర్నీ బయటికి తీస్తాం. ఒకసారి తప్పింది. ఆ పిల్ల బాత్రూమ్‌కి వెళ్తూ బిళ్ళ తీయడం మర్చిపోయింది. దొరికేవరకు పట్టిన ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

పొద్దున గంట, జెండా, క్యాబిన్ ఊడ్చడం. గోడకి గుండ్రటి అట్టచక్రం ఉంటుంది, అది తిప్పితే ఎవరు చీపురు, ఎవరు చెత్తబుట్ట అని తేలుతుంది. భోజనాల హాల్లో బల్లలు బాదుతూ పాటలు. మొదటి వారం ఆ గోలకి నాకు తలనొప్పి. రెండో వారానికి అందరికంటే గట్టిగా నేనే బాదుతున్నా. మధ్యాహ్నం ఒక గంట ఎవరి మంచం మీద వాళ్ళు, మాటల్లేవు. ఉత్తరాలు రాసేది అప్పుడే. ఆదివారం రాత్రి భోజనానికి టికెట్టు ఉత్తరమే. ఇంటికి రాసిన కవరు చేతిలో పెడితేనే లోపలికి. అందుకే మీకొచ్చే ఉత్తరాల్లో కొన్ని "హాయ్ అమ్మా, ఆకలేస్తోంది, బై" అని ఉంటాయి. కంగారు పడకండి.

ఏడుపులు రాత్రి లైట్లు తీశాకే. అదీ రెండో రాత్రి, మూడో రాత్రి. మొదటి రాత్రి అలసిపోయి పడిపోతారు. నేను టార్చి లైటు పట్టుకుని మంచం అంచున కూర్చునేదాన్ని. మాటలు పనిచేయవు. ఒక పిల్లకి వీపు మీద వేలితో అక్షరాలు రాసేదాన్ని, తను కనిపెట్టాలి. ఇంగ్లీషు అయిపోయాక తెలుగు అక్షరాలు రాశాను. 'ఱ' దగ్గర నిద్రపోయింది.

క్యాబిన్ గోడల నిండా పాత పిల్లల పేర్లు, ఏళ్ళు. ఒక పిల్ల దూలం మీద వాళ్ళ అమ్మమ్మ పేరు వెతుక్కుంది.

చివరి రాత్రి చెక్కముక్కలకి కొవ్వొత్తులు అంటించి సరస్సులో వదులుతారు. అంతా తెల్లబట్టల్లో, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యేసుకుని పాడుతూ. మా అమ్మమ్మ పోలి పాడ్యమికి అరటిదొప్పలో దీపం వదిలి నీళ్ళు తోసేది చూడండి, నేనూ అలాగే తోశాను. పక్కనున్న పిల్ల అడిగింది, ఇది మీకెవరు నేర్పారని.

గురుకులం_బ్యాచ్ (మార్చి 12)

గంట, చీపురు డ్యూటీ, ఆదివారం ఉత్తరం. దీన్నే మేం గురుకులంలో ఫ్రీగా చేశామండీ. అదీ పదినెలలు! ఇక్కడ పెద్ద ప్రైవేటు క్యాంపుల్లో ఏడు వారాలకి పదివేల డాలర్లు దాటుతుంది. డబ్బిచ్చి హాస్టల్ కష్టాలు కొనుక్కోవడం అమెరికాలోనే చెల్లింది.

కరీంనగర్_టు_బోస్టన్ (మార్చి 12)

అన్నా, గర్ల్ స్కౌట్స్ వాళ్ళ వారం రోజుల క్యాంపులు చాలా తక్కువకే ఉంటాయి, ఫీజు సాయం కూడా అడగొచ్చు. ఇక హాస్టల్ సంగతి. మనం పోయింది చదువు కోసం. రాత్రి స్టడీ అవర్‌లో నిద్రొస్తే నిలబెట్టేవాళ్ళు. వీళ్ళకి మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు. నాకు కుళ్ళు అనుకోండి, ఆ తేడా నాకు బాగా తెలుస్తది.

చరిత్ర_పిచ్చి (మార్చి 13)

ఇది నిన్నమొన్నటి ముచ్చట కాదు. 1902లో లారా మట్టూన్ అనే టీచరు న్యూ హాంప్‌షైర్‌లో కెహోంకా అనే అమ్మాయిల క్యాంపు పెట్టింది. 1907లో గ్యూలిక్ దంపతులు మేన్‌లో సెబాగో సరస్సు దగ్గర వోహేలో మొదలుపెట్టారు. వినడానికి ఏదో ఆదివాసీ మాటలా ఉంటుంది కానీ పని (వర్క్), ఆరోగ్యం (హెల్త్), ప్రేమ (లవ్) అనే మూడు ఇంగ్లీషు మాటల మొదటి రెండేసి అక్షరాలు కలిపి కట్టింది. 1910లో వచ్చిన క్యాంప్ ఫైర్ గర్ల్స్ అనే అమ్మాయిల సంఘం వెనకా వాళ్ళే.

నాకు గుచ్చుకునేది ఆ ఆదివాసీ వేషమే. ఈకలు, కుచ్చుల గౌన్లు, "తెగలు" అని జట్లకి పేర్లు. అక్కడి అసలు మనుషుల్ని ఆ నేల నుంచి తరిమి, వాళ్ళ పేర్లు ఆటకి వాడుకోవడం. చాలా క్యాంపులు మార్చుకున్నాయి, కొన్ని ఇంకా లేదు. మీ పిల్లని పంపేచోట జట్ల పేర్లేంటో కూడా ఓసారి చూడండి.

అట్లాంటా_ఇద్దరమ్మాయిలు (మార్చి 13)

మా క్యాంపులో నీలం, తెలుపు అంతే. కలర్ వార్ అంటారు. ఎప్పుడు మొదలవుతుందో పిల్లలకి చెప్పరు. పోయినేడు రాత్రి గంట కొట్టి నైట్‌డ్రెస్సుల్లోనే మైదానంలోకి లేపారట. నాలుగు రోజులు పరుగులు, పడవలు, తాడులాగుడు, ఆఖర్న పాటల పోటీ. అక్క ఏ జట్టో చెల్లీ అదే జట్టు. ఇంట్లో జుట్టు పట్టుకుని కొట్టుకునే మావాళ్ళిద్దరూ నీలం జట్టు కోసం గొంతులు పోగొట్టుకుని వచ్చారు.

వెజిటేరియన్లకి: పాస్తా, గ్రిల్డ్ చీజ్, సలాడ్లతో కడుపు నిండుతుంది. చూసుకోవాల్సింది క్యాంప్‌ఫైర్ దగ్గర కాల్చే మార్ష్‌మాలో. అందులో జెలటిన్ ఉంటుంది, అంటే జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసింది. వీగన్‌వి దొరుకుతాయి, కిచెన్‌కి ముందే చెప్పి పంపండి. తినేవి పెట్టెలో దాచి పంపకండి, ఎలుకలొస్తాయని తీసేసుకుంటారు. నేను పంపిన సున్నుండలు అలాగే పోయాయి.

ఇంకోటి, నెలసరి మొదలు కాకపోయినా ఒక చిన్న సంచీలో అన్నీ సర్ది, ఎలా వాడాలో చెప్పి పంపండి. మా పెద్దదానికి మొదటిసారి అక్కడే వచ్చింది. కౌన్సెలర్ ప్యాడ్ ఇచ్చింది, క్యాబిన్ పిల్లలు బ్రౌనీ తెచ్చిచ్చారు. నాకు అయిదు రోజుల తర్వాత ఉత్తరంలో తెలిసింది. ఫంక్షన్ చేయలేదని మా అమ్మ ఇంకా అలిగే ఉంది.

తెనాలి_న్యూజెర్సీ (ఆగస్టు 3)

అందరికీ థాంక్స్. పంపాను, తిరిగొచ్చింది. జుట్టు నడుం దాకా ఉంటుంది కదా, రెండు జడలేసి పంపితే ఎవరో పద్నాలుగు పాయలు అల్లి పంపారు. విప్పడానికి గంటన్నర పట్టింది. చేతికి దారాల గాజులు ఏడు, తీయనివ్వట్లేదు.

రెండో ఉత్తరం పెడుతున్నా. ఇంగ్లీషులో రాసింది, నేనే తెలుగు చేశా:

"అమ్మా, ఇది డిన్నర్ టికెట్ ఉత్తరం కానీ నిజంగానే రాస్తున్నా. నాకు గ్రీన్ క్యాప్ వచ్చింది, అంటే తాడు దాటి ఈదొచ్చు. నేను ఒక్క రాత్రే ఏడ్చాను. పై మంచం అమ్మాయి రోజూ ఏడుస్తోంది. తనకి నా దుప్పటి ఇచ్చాను, కాబట్టి నాకు చలి. ఇంకో దుప్పటి పంపకు, తను తిరిగి ఇచ్చేస్తుంది. నాన్నమ్మకి చెప్పు, ఇక్కడ అడవి లేదు, చెట్లు మాత్రమే ఉన్నాయి."

అత్తగారికి చదివి వినిపించాను. చెట్ల సంగతి పట్టించుకోలేదు. అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "ఆ పై మంచం పిల్ల దుప్పటి ఇచ్చిందా?"

ఫ్రీమాంట్_కడప (ఆగస్టు 4)

ఇచ్చిందా మరి?

తెనాలి_న్యూజెర్సీ (ఆగస్టు 4)

లేదండీ. వాళ్ళమ్మ పార్సిల్ చేస్తానంది. వద్దు, వచ్చే ఏడు అక్కడే తీసుకుంటానని మాది చెప్పిందట.