మునికోలా, ములుకోలా? పార్థసారథి చేతిలో ఉన్నదేమిటి

పద్యప్రియ: పోతన భాగవతంలోని భీష్మస్తుతిలో, కృష్ణుడు అర్జునుడి రథం తోలే పద్యంలో ఒక పాదం రెండు రోజులుగా నోట్లో నానుతోంది. "ములుకోలన్ వడిఁ బూని ఘోటకములన్..." ఆపై అందడం లేదు. కృష్ణుడు పట్టింది ములుగర్రా, కొరడానా? రథం గుర్రాలను ముల్లుతో పొడుస్తారా?

తెనాలి మాస్టారు: "...మోదించి తాడించుచున్". మొదటి మాటే జారిందమ్మా. మిగతా పాదాలు తనకున్, ర్జున, జనులన్ అని మొదలవుతాయి. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, నకారం. ములుకోల అంటే ప్రాస పోతుంది. అది మునికోల.

గోదారిగట్టు: ప్రాస సరే మాస్టారూ, అర్థం? మునివేలు, మునిపన్ను అన్నప్పుడు ముని అంటే కొసే కదా. "మునికోలన్" అంటే కోల కొసతో అని నేను చదువుకుంటాను. కొట్టలేదు, అలా తాకించాడంతే. పక్కనే "మోదించి" అని ఉంది, సంతోషపెట్టి అని.

తెనాలి మాస్టారు: మరి "తాడించుచున్" ఎక్కడికి పోతుంది? పైగా "పూని" అన్నాడు. కొసను పూనరు, కర్రను పూనుతారు. మూలమైన సంస్కృత భాగవతంలో "ఆత్తతోత్రే" అని ఉంది, తోత్రం చేతబట్టిన అని. తోత్రం అంటే పొడిచి తోలే కర్ర. సంస్కృత నిఘంటువు అమరకోశంలో తోత్రం ఎద్దుల దగ్గర ఒకసారి, ఏనుగుల దగ్గర ఒకసారి వస్తుంది. గుర్రాన్ని కొట్టేది కశ, దాన్ని విడిగా చెప్పాడు. మూలంలో కశ అనలేదు కాబట్టే పోతన కొరడా జోలికి పోలేదు.

రథచక్రం: గుర్రానికి ముల్లు వింతేమీ కాదండీ. గ్రీకు కుండల మీద పందెపు సారథుల చేతుల్లో పొడవాటి కర్రలు కనిపిస్తాయి. గ్రీకు కవి హోమర్ ఇలియడ్ 23వ సర్గలోని రథాల పందెంలో దియోమెదెస్ అనే వీరుడి చేతిలోంచి అపోలో దేవుడు పడగొట్టింది "మాస్టిక్స్", అంటే కొరడా. మూడు పాదాలు దాటగానే గుర్రాలు "కెంత్రోన్" లేక వెనకబడ్డాయంటాడు. కెంత్రోన్ అంటే పొడిచేది. ఒకే వస్తువు, రెండు పేర్లు! ఈజిప్టు వైపు వెళితే కొరడానే. 1922లో బయటపడ్డ టుటంఖామున్ రాజు సమాధిలో విడదీసి పెట్టిన 6 రథాలతో పాటు కొరడా పిడులు కూడా దొరికాయి.

బండిబాట: మా తాత చర్నాకోల చూసుంటే ఈ తగాదా ఉండేది కాదు. వెదురు కర్ర, ఒక కొసన తోలుపట్టె. రెండో కొసన బియ్యపుగింజంత ముల్లు దిగ్గొట్టి ఉండేది. పట్టెను గాల్లో ఛెళ్లుమనిపించేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కర్ర తిప్పి తోక పక్కన అలా ఆనించేవాడు. రెండూ ఒకే కర్రకి! చర్నాకోలలోనూ కోలే ఉంది చూడండి.

గోదారిగట్టు: ఆనించేవాడు అన్నారు, అదే నేనన్నది.

రథచక్రం: మాటల మీద ఇంకొకటి. పశ్చిమాసియాలోని పాత మిటన్నీ దేశపు కిక్కులి అనే శిక్షకుడు గుర్రాల శిక్షణ గురించి చెప్పిన మట్టి పలకలు, ఆ పక్క రాజ్యమేలిన హిట్టైట్ల రాజధాని హత్తుసాలో దొరికాయి. సుమారు 3,400 ఏళ్ల నాటి మాట. అందులో "ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న" అని ఉంటుంది. ఒక చుట్టు, మూడు చుట్లు, ఐదు చుట్లు. మన సంస్కృతంలోని ఏక, త్రి, పంచ వర్తనాల్లాగే! నాకు ఒళ్లు జలదరించింది.

తెనాలి మాస్టారు: బాగుంది. కానీ గుర్రాల దుమ్ము చూడాలంటే అదే భీష్మస్తుతిలోని "హయరింఖాముఖ ధూళి ధూసర" దగ్గరికే రావాలి. మూలంలో ఉత్త "తురగరజో", గుర్రాల దుమ్ము అని. గిట్ట కొసనుంచి ధూళి లేచి ముంగురుల మీద వాలడం పోతన చూపించాడు. ఆ రింఖ అన్న ఒక్క మాట చాలు.

బండిబాట: రింఖ అంటే గిట్టేనా, నడకా? రెండు అర్థాలూ ఇచ్చిన నిఘంటువు చూశాను.

పద్యప్రియ: ధన్యవాదాలు మాస్టారూ, పాదం దొరికింది. ఇప్పుడు "మోదించి" దగ్గర ఆగిపోయాను. మోదు, అంటే కొట్టు, నుంచి వస్తే "మోది" కావాలి కదా?

తెనాలి మాస్టారు: మోదం నుంచి వస్తే సంతోషించి అని, అకర్మకం, కర్మ ఉండదు. అప్పుడు "ఘోటకములన్" అని ద్వితీయ ఎందుకు పెట్టాడమ్మా?

గోదారిగట్టు: గుర్రాలను మోదింపజేసి అని మాస్టారూ.

తెనాలి మాస్టారు: "జేసి" పద్యంలో ఎక్కడుంది?