కష్టకాలంలో పేద దేశాల అప్పు షరతులు వాటంతట అవే మారాలా?

బాకీచిట్టా:
ఆఫ్రికా దేశం జాంబియా 2020 నవంబరులో బాండ్ల వడ్డీ 4.25 కోట్ల డాలర్లు కట్టలేక చేతులెత్తేసింది. పేద దేశాల అప్పులు సవరించడానికి జీ-20 దేశాలు పెట్టిన 'కామన్ ఫ్రేమ్‌వర్క్' కింద అప్పిచ్చిన ప్రభుత్వాలతో ఒప్పందం కుదిరేసరికి 2023 జూన్ వచ్చింది. బాండ్లు కొన్నవాళ్లతో బేరం 2024లో గానీ తెగలేదు. పరిస్థితి తలకిందులైతే వాయిదాలు ఎలా మారాలో మొదటి రోజే పత్రంలో రాసుకుంటే ఈ తిప్పలు ఉండవు కదా?

లెక్కలమాస్టారు:
రాసుకోవచ్చు. కానీ ఎప్పుడు ఆగిపోతుందో తెలియని వాయిదాకి ఇచ్చేవాడు ముందే ఎక్కువ వడ్డీ వేస్తాడు. కష్టం రాని ఏళ్లలో కూడా ఆ భారం మోయాల్సిందే. నేను ఒప్పుకోను.

నీలిసంద్రం:
కరీబియన్ దీవి గ్రెనడా సంగతి చూడండి మాస్టారూ. 2015లో అప్పులు సవరించుకున్నప్పుడు హరికేన్ (పెనుతుపాను) వస్తే వాయిదాలు వెనక్కి జరిపే షరతు పెట్టించుకుంది. 2024 జూలైలో బెరిల్ హరికేన్ విరుచుకుపడ్డాక, మళ్లీ బేరానికి కూర్చోకుండానే ఆ షరతుతో బాండ్ల వాయిదాలు వెనక్కి జరుపుకుంది. మాఫీ కాదు, గడువే.

లెక్కలమాస్టారు:
హరికేన్ వచ్చిందో లేదో అందరికీ కనిపిస్తుంది. ఆర్థిక వ్యవస్థ పడిందా లేచిందా అన్నది ఎవరు తేల్చాలి? అర్జెంటీనా 2005లో వృద్ధి బాగుంటే అదనంగా కడతానని పత్రాలిచ్చింది. 2013 జీడీపీని లెక్కించిన తీరు మీద గొడవ లండన్ కోర్టుకెక్కింది. 2023లో అర్జెంటీనా దాదాపు 133 కోట్ల యూరోలు కట్టాలని తీర్పొచ్చింది. అప్పున్నవాడి చేతికే తక్కెడ ఇస్తే ఇంతే.

నీలిసంద్రం:
అయితే తక్కెడ బయటివాళ్ల దగ్గర పెట్టండి. జాంబియా ఎగుమతుల్లో సింహభాగం రాగి. దాని ధర రోజూ అంతర్జాతీయ మార్కెట్లో తేలుతుంది.

బాకీచిట్టా:
ఇక్కడ మాత్రం మాస్టారి వైపే నేను. 2020 మార్చిలో కుప్పకూలిన రాగి ధర నవంబరుకల్లా, అంటే సరిగ్గా జాంబియా చేతులెత్తేసే వేళకి, మళ్లీ బాగా పెరిగింది. ఆ షరతు ఉన్నా అప్పుడు అక్కరకు వచ్చేది కాదు. ఏళ్ల తరబడి పేరుకున్న అప్పును ఒక్క సరుకు ధరతో కొలవలేం.

నీలిసంద్రం:
సరే, రాగి వద్దు. జాంబియా 2023 ఒప్పందంలోనే ఇంకో కొలత ఉంది: దేశానికి అప్పు మోసే శక్తి పెరిగిందని ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకుల అంచనాలో తేలితే తొందరగా తీర్చాలి. బాగుపడితే ఎక్కువ రాబట్టుకోవడానికి ఆ కొలత పనికొచ్చినప్పుడు, చితికిపోతే ఆగడానికి ఎందుకు పనికిరాదు? దీనికి జవాబు చెప్పండి మాస్టారూ, తర్వాత వడ్డీ సంగతి మాట్లాడదాం.