హోషేయ మాట ఇశ్రాయేలుకా, అన్యజనులకా?

అందరికీ వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. శుక్రవారం మా ఇంట్లో కూడిక, వాక్యం నేనే చెప్పాలి, అదే టెన్షన్.

బైబిల్లో హోషేయ ప్రవక్త గ్రంథం 1వ అధ్యాయంలో, ప్రవక్తకు పుట్టిన బిడ్డకు లోఅమ్మీ, అంటే 'నా జనులు కారు' అని పేరు పెట్టమంటాడు దేవుడు. (ఆ పేరుతో ఆ పిల్లాడు ఎట్లా పెరిగాడో!) మళ్లీ 1:10లోనే 'జీవముగల దేవుని కుమారులు' అంటారని మాట. ఇది ఇశ్రాయేలు అనే ఉత్తర రాజ్యానికి చెప్పింది, అది క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు చేతిలో కూలింది. కానీ రోమా పత్రిక 9:25-26లో పౌలు ఇదే మాటను అన్యజనులకు, అంటే యూదులు కానివాళ్లకు కూడా వర్తింపజేశాడు.

మరి ఇశ్రాయేలును మళ్లీ దగ్గరికి తీసుకుంటానన్న వాగ్దానం సంఘంలో, అంటే క్రీస్తు విశ్వాసుల్లో నెరవేరిపోయినట్టా, 'ఇశ్రాయేలు జనులందరూ రక్షణ పొందుతారు' అనే రోమా 11:26 ప్రకారం ఇంకా మిగిలి ఉన్నట్టా? మా అత్తమ్మ మొదటిదే అంటుంది, పాస్టర్ గారు రెండోది అంటారు. వచనాలతో చెప్పండి, మా ఇంట్లో బైబిల్ తప్ప వ్యాఖ్యాన పుస్తకాలు లేవు.